బావ మెడ, బావమరిది మెడ

కాకినాడ,
18 జూన్ 1997

ఒరేయ్ హేమచంద్,

బావ ఉత్తరం రాశాడంటే ఏదో అడగడానికేనని నీకు తెలుసు. కాబట్టి కుశలప్రశ్నలతో నీ టైము పాడుచెయ్యను. మీ అక్క బాగుంది, నేనూ బాగున్నాను. మే నెలలో జగన్నాథపురం వంతెన దగ్గర నా బండి జారిందని అది నీకు రాసే ఉంటుంది. గోరంతని కొండంత చెయ్యడం మీ ఇంటి విద్య. చెయ్యి కాస్త గీరుకుపోయింది, అంతే.

అసలు సంగతి. నీ బేస్ గిటారు మెడ నాకు కావాలి. గిటారు అక్కర్లేదు, మెడ ఒక్కటే. బదులుగా నా మెడ నీకు పంపుతాను. దసరా తొమ్మిది రోజుల ప్రోగ్రాములు అయిపోగానే ఎవరిది వాళ్లకి.

కంగారు పడకు. నాది కలకత్తాలో చేసిన ప్రెసిషన్ రకం, నీది జపాన్ జాజ్ రకం. రకాలు వేరైనా ఒక తల్లి పిల్లలే. తల దగ్గర తీగలు ఆనే తెల్లముక్క నుంచి కింద బ్రిడ్జి దాకా రెండింటికీ ముప్ఫై నాలుగు అంగుళాలు. మెడ కూర్చునే గూడు రెండింటికీ రెండున్నర. నాలుగు మరలు విప్పాలి, నాలుగు మరలు బిగించాలి. తేడా అంతా తల దగ్గర వెడల్పులోనే. నాది ఒకటి ముప్పావు అంగుళం, నీది ఒకటిన్నర. ఈమధ్య సినిమా పాటల్లో బేస్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆ పరుగులకి సన్నమెడ సుఖం. మా మ్యూజిక్ పార్టీ లీడరు వెంకటేశ్వరరావు గారు అలాంటివే పద్దెనిమిది పాటలు కొత్తగా చేర్చారు.

ఒక్క మాట. జవాబు ఇంటికి రాయకు. పుట్టింటి ఉత్తరం వస్తే మీ అక్క ముందు తనే చింపుతుంది, ఆపైన అరుగు మీద కూర్చుని పక్కింటి పద్మమ్మ గారికి కూడా చదివి వినిపిస్తుంది. గిటారు గొడవ వాళ్లకెందుకు? మ్యూజిక్ పార్టీ ఆఫీసుకి రాయి.

నీ మెడ మీద కన్నేసిన
బావ బుల్లిబాబు


మేడ్చల్,
29 జూన్ 1997

బావగారికి,

అక్కని ఇచ్చాం. పెళ్లిలో అలిగితే వాచీ ఇచ్చాం. ఇప్పుడు మెడ కూడా కావాలా?

నాకు పన్నెండేళ్లప్పుడు రోకలిలాంటి నీ మెడ నా చేతికిచ్చి, చిటికెన వేలు నాలుగో మెట్టు అందుకోలేదని స్కేలుతో కొట్టినవాడివి నువ్వు. నేను జాజ్ రకం కొన్నానని తెలిసి, "సన్నమెడ సోమరిపోతులకి" అని కార్డు రాశావు. కవరు కాదు, కార్డు. పోస్ట్‌మాన్ శంకరయ్య చదివి నవ్వుతూ చేతికిచ్చాడు. ఆ కార్డు ఇంకా దాచాను. అలాంటి నువ్వు సన్నమెడ అడిగితే నాకు అనుమానం రాదా?

అయినా కుదరదు బావా. నాకిక్కడ కాలు నిలవడం లేదు. మందుల ఫ్యాక్టరీలో పొడి కలిపి కలిపి ఏం తిన్నా చేదే తగులుతోంది. షిఫ్టు వారానికోసారి మారుతుంది. ఏ పూట నిద్రో ఏ పూట అన్నమో తెలియదు. రెండు నెలల నుంచి శనివారాలు సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో వాయిస్తున్నాను. షిఫ్టు అడ్డొస్తే ఎవరినో బతిమాలి మార్చుకుంటున్నాను. ఇంకో రెండు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఖాయమైతే ఈ ఫ్యాక్టరీ గేటు మళ్లీ తొక్కను. బస్సులో గిటారు ఒళ్లో పెట్టుకుని మేడ్చల్ దాకా వస్తుంటే ఆ మాటే తిరుగుతుంటుంది బుర్రలో. ఇప్పుడు నా మెడ నీకిస్తే నేను దేనితో వాయించాలి? నీ రోకలితోనా?

అక్కని అడిగానని చెప్పు. చెప్పలేవులే, దానికి తెలియకూడదుగా.

మెడ ఇవ్వని
హేమచంద్


కాకినాడ,
9 జూలై 1997

హేమచంద్‌కి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కోపమొచ్చింది, తర్వాత గోనెసంచీ, సుతిలితాడు తెచ్చాను. నా మెడ విప్పేసి లారీ పార్సిల్లో పంపించేశాను. సికింద్రాబాద్ ఆఫీసులో తీసుకో. రసీదు ఇందులోనే ఉంది.

ఇప్పుడు నా గిటారు గోడకి మొండెంలా వేలాడుతోంది. నువ్వు నీ మెడ పంపకపోతే దసరాకి నేను స్టేజీ మీద చిడతలు వాయించాలి. ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, సరిపోయింది. ఇంతకంటే నేను బతిమాలను. అడిగించుకోవడమే నీకు కావాలంటే, అడిగాను కదా.

జాగ్రత్తలు చెబుతాను, విను. తీగలు వదులు చెయ్యకుండా మరలు విప్పకు. నా మెడ మొదలు నీ గూట్లో పట్టకపోతే సుత్తితో కొట్టకు. మరల బెజ్జాలు ఒకదానికొకటి కలవవు, కలకత్తావాడు చేత్తో వేసినవి అవి. మంచి వడ్రంగి దగ్గరికి వెళ్లు. మెడ లోపల ఇనప కడ్డీ ఉంటుందని అతనికి చెప్పు.

వెంకటేశ్వరరావు గారు ఒక కీబోర్డు కొన్నారు. దాన్ని వాయించేవాణ్ణి కూడా పెట్టారు.

బుల్లిబాబు


మేడ్చల్,
27 జూలై 1997

బావా,

ఇలాంటి మొండిఘటం చేతిలో అక్క పదహారేళ్లు ఎలా బతికిందో. పార్సిలు వచ్చింది. నీ మెడ పట్టుకుని వెళుతుంటే బస్సులో అందరూ దారి ఇచ్చారు, కర్ర అనుకుని.

ఇక తప్పదని మార్పించడానికే బయలుదేరాను. శామీర్‌పేట రోడ్డు మీద ఖాలిక్ అని వడ్రంగి ఉన్నాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్త ఇళ్లకి దర్వాజాలు అతనే చేస్తాడు. గిటారు ఎప్పుడూ ముట్టలేదట. కానీ కర్ర చేతికివ్వగానే కళ్లు మూసుకుని అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరాడు. రెండుసార్లు. అప్పుడేమన్నాడో చెబుతాను.

"గీ కట్టెను ఇద్దరు వాడిన్రు సార్. పాతాయన చెయ్యి ఒకటి, కొత్తోని చెయ్యి ఒకటి."

ఎలా తెలుసన్నాను.

"పాతాయన బొటనవేలు గీడ నడుమ ఆనిచ్చి మీదికీ కిందికీ జరిపిండు. ఎంత నున్నగైందో సూడుండ్రి. కొత్తోనికి వాడుడు రాదు. పార పిడి లెక్క పిడికిట్ల గట్టిగ వట్టిండు. గీడ పాలిష్ లేశిపోయింది, తాజాగనే ఉన్నది. మా అబ్బా పోయినంక ఆయన రందా నేను వట్టుకుంటే పిడి గిట్లనే రెండు తీర్ల అరిగింది."

అబ్బా అంటే నాన్న, రందా అంటే మన చిత్రిక. తర్వాత ముందువైపు తిప్పాడు. నాలుగో మెట్టు వెనక నీ చిటికెన వేలు చేసిన గుంటలు ఉన్నాయే, నువ్వు అందరికీ చూపించి మురిసిపోయేవాడివి, వాటిని గోటితో గీకాడు. నల్లటి మట్టి వచ్చింది. "గీ గుంటలల్ల ఈ మధ్య ఎవలు వేలు వెడతలేరు" అన్నాడు.

ఎవడు బావా ఆ కొత్తవాడు?

పద్దెనిమిదేళ్లు ఆ గిటారు నన్ను తప్ప ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను ముట్టుకున్నా స్కేలు దగ్గర పెట్టుకునేవాడివి. ఇప్పుడెవడో పట్టుకోవడం కూడా రానివాడు దాన్ని రోజూ పిసుకుతున్నాడు. వాడి కోసమా నా మెడ? వాడి వేళ్లు అందవనా సన్నమెడ? నేను ఏడ్చినా నువ్వు ఆ రోకలి మార్చలేదే! శిష్యుణ్ణి పెట్టుకుంటే పెట్టుకున్నానని చెప్పు. కొత్త పాటల పరుగులని కథలు చెప్పకు. అంత దూరం నుంచి నన్ను వెర్రివాణ్ణి చేశావు, అది నాకు చాలా కష్టంగా ఉంది.

మెడ ఖాలిక్ కొట్లోనే ఉంది. నాది నా గిటారుకే ఉంది. ఉంటుంది.

హేమచంద్


కాకినాడ,
5 ఆగస్టు 1997

ఒరేయ్ హేమా,

ఆ కొత్తవాడు నేనే.

ఖాలిక్ గారికి నా దండం చెప్పు. మూడు నెలల నుంచి వెంకటేశ్వరరావు గారు పక్కనే నిలబడి పట్టుకోలేనిది, ఆయన ఒక కర్రముక్క నిమిరి పట్టేశాడు.

వంతెన దగ్గర పడ్డప్పుడు ఎడమచెయ్యి హ్యాండిల్ కింద నలిగింది. ఎముక అతికింది గానీ ఉంగరం వేలు, చిటికెన వేలు మాట వినడం మానేశాయి. వంగవు, చాచుకోవు. మిగిలిన రెండు వేళ్లతో వాయించాలంటే మెడని పార పిడిలాగే పట్టుకోవాలి. ఒకటి ముప్పావు అంగుళం నాకు ఇప్పుడు గోదావరి అంత వెడల్పు. చిటికెన వేలు అందలేదని నిన్ను కొట్టానే, నన్నెవరు కొట్టాలి?

పాత పాటలు ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ కీబోర్డు ఆయన కుడిచేత్తో ట్యూను, ఎడమచేత్తో బేసు, రెండూ తనే వాయించేస్తున్నాడు. మంచివాడే, నాకు టీ కూడా తెచ్చిస్తాడు. లీడరు గారు ఆయన ఎడమచేతినే చూస్తున్నారు. దసరాలో నేను తడబడితే అక్కడితో సరి. నాకు ఇంకో పని రాదు. స్టేజీ మీద వెనకవరసలో నిలబడటం తప్ప నా బతుకులో నేనేమీ చెయ్యలేదు. భయంగా ఉందిరా.

నీతో చెప్పి ఉండవలసింది. సన్నమెడ సోమరిపోతులకి అన్న నోరు కదా, పెగల్లేదు.

శ్రావణం పెళ్లిళ్లకి గిటారు రిపేరులో ఉందని ముందే చెప్పి తప్పించుకున్నాను. మీ అక్కకి చెప్పకు. చేతికి దెబ్బ తగిలి తగ్గిపోయిందనుకుంటోంది.

మెడ నీ ఇష్టం.

బావ


మేడ్చల్,
14 ఆగస్టు 1997

బావా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ గేటు దగ్గర చదివి, లోపలికి పోకుండా శామీర్‌పేట బస్సెక్కాను. ఒక రోజు జీతం పోతే పోయింది. నేను రాసింది తలుచుకుంటే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తోంది.

ఖాలిక్‌కి చెప్పాను. రందా కింద పెట్టేసి చెంపలు వాయించుకున్నాడు. "తోబ తోబ! నేనే తప్పు సదివిన సార్. ఇద్దరు గాదు, ఒక్కడే. ఇరిగిన చెయ్యి కొత్త చెయ్యే గద. గంత సమజ్ కాలే నాకు" అన్నాడు. వాళ్లావిడ షహర్ బాను టీ తెచ్చి, ఏమైందని అడిగి, నీ కోసం దువా చేస్తానంది.

ఇప్పుడు పని మాట. నా మెడ విప్పాను. ఖాలిక్ దాన్ని ఊరికే పంపనంటున్నాడు. "ఆయన చెయ్యి నాకు గావాలె సార్. కాయితం మీద వెట్టి గీసి పంపుమనుండ్రి. ఎనక భుజాలు జర గుండ్రం జేస్తె పిడికిట్ల కూసుంటది" అన్నాడు. కడ్డీ సంగతి చెప్పాను. నూలు మందం కంటే ఎక్కువ తియ్యనన్నాడు. కాబట్టి ఎడమచెయ్యి కాగితం మీద పెట్టి, వేళ్లు ఎంత చాచగలవో అంత చాచి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. జల్దీ పంపు. చూశావా, నాకూ ఇక్కడి మాటలే వస్తున్నాయి.

అక్కకి నువ్వే చెప్పు. దానికి తెలియకుండా ఈ ఉత్తరాలు రాయడం దొంగతనంలా ఉంది.

హేమ


కాకినాడ,
24 ఆగస్టు 1997

చిరంజీవి హేమచంద్‌కి,

చెయ్యి పంపుతున్నాను. బొమ్మ వంకరగా ఉందని నవ్వకు.

ఆఫీసులో తలుపేసుకుని మూడు కాగితాలు పాడుచేశాను. ఆ రెండు వేళ్లూ కాగితం మీద పడుకోవు, పైకి లేచి నిలబడతాయి. కుడిచేత్తో వాటిని అదిమితే పెన్సిలు పట్టుకునే చెయ్యి లేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి. పార్టీలో ఎవరిని పిలుస్తాను? కాగితం చుట్టుకుని ఇంటికి పోయాను. మీ అక్క వంకాయలు తరుగుతోంది. "కాస్త ఈ వేళ్లు పట్టుకో" అన్నాను.

కత్తిపీట పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, వచ్చి రెండు వేళ్లూ కాగితానికి అదిమిపట్టింది. ఎందుకని అడగలేదు. గీసి చేతికిచ్చాక, "మే నెల నుంచి ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నాను" అంది. నీకెలా తెలుసన్నాను. "చొక్కాల కాజాలన్నీ విప్పి పెద్దవి చేశాను. మీకు గుండీలు తేలిగ్గా పడుతున్నాయని కూడా తెలియలేదా?" అంది. నిజంగా నాకు తెలియలేదురా. చెయ్యి బాగుపడుతోందనుకుని సంతోషించాను.

ఆఫీసులో దాచిన నీ ఉత్తరాలు కూడా తెప్పించుకుని వరసగా చదివింది. అరుగు మీద కాదు, వంటింట్లో. ఇక నుంచి ఇంటికే రాయవచ్చు.

ఖాలిక్ గారిని నూలు మందం కాస్త ఉదారంగా తియ్యమను. అక్క నిన్ను వేళకి తినమంది.

చేతిని పోస్టు చేసిన
బావ


మేడ్చల్,
10 సెప్టెంబర్ 1997

బావగారికీ అక్కకీ,

మెడ బయలుదేరింది. రసీదు జతచేశాను.

నీ చెయ్యి బొమ్మ ఖాలిక్ అటకకి మేకు కొట్టి తగిలించుకున్నాడు. దాని కింద కూర్చుని, రెండు రోజులు దర్వాజాల పని ఆపి, నా జపాన్ మెడ వెనక రందా పట్టాడు. నేను చూడలేకపోయాను. ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోయి టీ మీద టీ తాగాను. వచ్చి పట్టుకుంటే, నా చేతికి అది ఇక నాది కాదు. నీ చేతికి కుదరాలి. మరల బెజ్జాలకి మంచి ఉపాయం చేశాడు. నీ పాతమెడ మొదలు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, నాలుగు బెజ్జాల గుర్తులూ తీసుకున్నాడు. నా మెడలో పాత బెజ్జాలు టేకు ముక్కలతో పూడ్చి, ఆ గుర్తుల ప్రకారం కొత్తవి వేశాడు. నీ గూట్లో సరిగ్గా కలుస్తాయి. ఎవరిది వాళ్లకి అన్న ఒప్పందం మాత్రం ఆ టేకు ముక్కల కింద పూడిపోయింది.

నీ రోకలి నా గిటారుకి ఎక్కింది. మొదలు కాస్త బిగుతైతే నా గూటినే గీశాడు, నీ మెడని ముట్టుకోలేదు. వాయిస్తుంటే మణికట్టు పట్టేస్తోంది, వేళ్లు మళ్లీ పన్నెండేళ్ల వయసుకి పోతున్నాయి. కానీ ఒక తమాషా ఉంది బావా. నాలుగో మెట్టు దగ్గర చిటికెన వేలు పెట్టగానే తనంతట తనే జారి నీ గుంటలో కూర్చుంటోంది. ఖాలిక్ వాటిలో మట్టి తీసి తుడిచాడు. చూడకుండా వాయించినా తప్పిపోవడం లేదు.

శనివారాలు ఇప్పుడు ఖాళీయే. షిఫ్టు మారింది. అందుకని సాధన బాగా సాగుతోంది. కూర్చోబుద్ధి కాక గిటారు మెళ్లో వేసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ వాయిస్తున్నాను. కిందింటివాళ్లు అడిగారు, ఏం వెతుకుతున్నావని.

దసరా కబురు వెంటనే రాయండి.

హేమ


కాకినాడ,
14 అక్టోబర్ 1997

ఒరేయ్ హేమా,

తొమ్మిది రోజులూ స్టేజీ మీదే ఉన్నాను.

నీ మెడ నా గూట్లో వదులుగా ఊగింది. కలకత్తావాడు గూడు ఉదారంగా తవ్వాడు. సందులో పెట్టడానికి కాస్త మందం కాగితం కావాలి. నన్ను దొంగని చేసి రాశావే, ఆ ఉత్తరం తెచ్చి, "ఎవడు బావా ఆ కొత్తవాడు" అన్న ముక్క కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి దూర్చాను. మరలు బిగించాక కదిలితే ఒట్టు. అది ఇప్పుడు గిటారు లోపలే ఉంది, ఎవరూ చదవలేరు.

ఖాలిక్ గారు గుండ్రం చేసిన చోట చెయ్యి పెట్టగానే నాతో ఎవరో చెయ్యి కలిపినట్టు ఉంది. రెండు వేళ్లు చాలాయని చెప్పను, చాలలేదు. మూడో రోజు ఒక పరుగు పాటలో దారి తప్పిపోయాను. కీబోర్డు ఆయన ఎడమచెయ్యి వెంటనే అందుకుంది. నా వేళ్ల సంగతి పార్టీ అంతటికీ తెలిసిపోయింది. ఆ రాత్రి స్టేజీ దిగిపోదామనే అనుకున్నాను. మర్నాడు మీ అక్క వచ్చి ముందువరసలో కూర్చుంది. పదహారేళ్లలో ఒక్కసారి కూడా ప్రోగ్రాముకి రాని మనిషి! దిగడానికి దారి లేకపోయింది.

ఆయుధపూజ నాడు గిటార్లకి బొట్టు పెట్టి, వెంకటేశ్వరరావు గారు పాటల పుస్తకం తీశారు. పరుగుల పాటలు కీబోర్డుకి, నిదానం పాటలు నాకు. సగం సగం. రాబోయే పెళ్లిళ్లన్నింటికీ నా పేరు ఉంది. సగం కుర్చీ అనుకో. కానీ అది నా చేత్తో నిలబెట్టుకున్న కుర్చీ, అందుకని బాగానే కూర్చుంటున్నాను.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం చదివి మీ అక్క జూన్ ఉత్తరం తీసి పక్కన పెట్టింది. "వారానికోసారి మారే షిఫ్టుకి శనివారాలన్నీ ఖాళీ ఎలా వస్తాయండీ?" అంది. నేను పాటలు లెక్కపెట్టుకోవడమే గానీ శనివారాలు లెక్కపెట్టలేదు. ఆ హోటలు వాళ్లు నా రోకలిని ఓర్చుకోలేక నిన్ను మానిపించారు, అవునా? ఖాయమయ్యేది నా వల్ల పోయింది. నువ్వు కాదని రాసినా నమ్మను. మన ఇంట్లో ఇక ఎవరూ ఎవరికీ ఏమీ దాచలేరు, మీ అక్క చదివేస్తుంది.

అందుకని విను. మెడ నీకు తిరిగి పంపను. ఆ రోకలి కూడా నాకు పంపకు. సాధన చేశావుగా, గుంట దొరికిందిగా, మళ్లీ వెళ్లి వాళ్ల ముందు నిలబడు. వాళ్లు కాదంటే ఇంకో హోటలుకి వెళ్లు. ఆ గుంటలు చెయ్యడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది, గదిలో నడవడానికి కాదు.

ఇక్కడ అందరూ అడుగుతూనే ఉన్నారు, బుల్లిబాబు గారూ, మీ చిటికెన వేలు ఇంకా పని చెయ్యడం లేదా అని. నేను చెబుతున్నాను, ఎందుకు చెయ్యదండీ, మేడ్చల్లో మా బావమరిది దగ్గర పని చేస్తోందని. దాన్ని శనివారాలు ఖాళీగా కూర్చోబెట్టకు.

మీ బావ
బుల్లిబాబు